యాభై ఏడేళ్ల షార్ట్‌స్టాప్

యాభై ఏడేళ్ల షార్ట్‌స్టాప్‌ని కళ్లారా చూసినవాళ్లు ఈ భూమ్మీద ముగ్గురే ఉన్నారు. ఒకణ్ణి నేను. రెండోది మా ఆఫీసులో ఇంటర్న్‌గా చేరిన వరంగల్ అమ్మాయి. మూడోవాడు మా బాసు. ఆయన చూసి ఊరుకోలేదు, నవ్వీ నవ్వీ కుర్చీలోంచి కిందపడ్డాడు కూడా.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. షార్ట్‌స్టాప్ అంటే, పరుగు తీసేవాడు ఆగే గుర్తుల్లో (వాటినే బేస్‌లంటారు) రెండోదానికీ మూడోదానికీ మధ్య నిలబడేవాడు. బంతి నేలబారుగా దూసుకొస్తుంది. వంగి, దొర్లి, లేచి, ఇంకా నిలదొక్కుకోకముందే విసరాలి. మన క్రికెట్‌లో పాయింట్ దగ్గర నిలబెట్టే చురుకైన కుర్రాడి చోటు అనుకోండి. ఏ జట్టులోనైనా అక్కడ మంచి వయసులో ఉన్నవాడే ఉంటాడు. నా లీగులో మాత్రం అక్కడొక తాతగారు ఉండేవారు. ఆయన్ని తయారుచేసింది నేనే.

ఈ మధ్య డాలస్ పక్కన మా కాపెల్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా, వీడియో గేములు తయారుచేసే ఉద్యోగం కావాలనుకునే పిల్లలు నా చుట్టూ చేరతారు. "అంకుల్, మీరు చేసింది బెస్ట్ వర్క్ ఏది?" అని అడుగుతారు, వాళ్ల ముద్దు తెలుగులో. బెస్ట్ సంగతి నాకు తెలియదు. పరువు పోయిన పని మాత్రం బాగా గుర్తుంది. అదే చెబుతాను, వినండి.

అమెరికా రాకముందు పదిహేనేళ్లు ఒక ప్రభుత్వ సంస్థలో పనిచేశాను. ఉద్యోగుల సర్వీసు రికార్డులకి ప్రోగ్రాములు రాయడం నా పని. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరికి ఏ నెలలో ఇంక్రిమెంటు, ఎవరికంటే ఎవరు సీనియరు, ప్రమోషన్ ఎప్పుడు, రిటైర్మెంటు ఎప్పుడు. ఇదే లోకం. తర్వాత వైటూకే అనే కంప్యూటర్ తేదీల గొడవ రేపిన గాలికి అందరితోపాటు ఎగిరొచ్చి డాలస్ దగ్గర పడ్డాను. 2001లో ఆ గాలి ఆగిపోయింది. ఆ కంపెనీ ఈ కంపెనీ పట్టుకుని వేళ్లాడి, రెండుసార్లు లేఆఫ్ తిని, చివరికి ఒక గేమ్ కంపెనీ గుమ్మం ఎక్కాను. బేస్‌బాల్ గేము తయారుచేస్తున్నారు. నాకప్పటికి నలభై ఏడేళ్లు.

ఇంటర్వ్యూ చేసినాయన టెక్సాస్‌వాడు. ఆరడుగుల పైమాట. బుగ్గలో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు, చేతిలో పొట్టు ఉమ్మడానికి ఒక పేపర్ కప్పు. బేస్‌బాల్ ఆడేవాళ్ల అలవాటట అది. ఆయన ఇంగ్లీషుని నా తెలుగులోనే చెబుతాను.

"బేస్‌బాల్ తెలుసా?"

"తెలియదు. క్రికెట్ తెలుసు."

"కొన్ని వేలమంది మనుషులు. ఒక్కొక్కడి వివరాలూ ఏటేటా మారుతుంటాయి. ఇరవై ఏళ్లపాటు తేడా రాకుండా నడిపించగలవా?"

"పదిహేనేళ్లుగా నేను చేసింది అదొక్కటే."

"అయితే సోమవారం వచ్చెయ్," అన్నాడు, కప్పులోకి పొట్టు ఉమ్మి.

మాది ఆరుగురి జట్టు. గేములో ఫ్రాంచైజ్ మోడ్ అనే భాగం మాది. ఒక మ్యాచ్ ఆడి లేచిపోవడం కాదిక్కడ. ఒక జట్టుని చేతికిస్తారు, ఇరవై సీజన్లు నడపాలి. కుర్రాళ్లని ఎంచుకోవాలి, కింది లీగులో పెంచాలి, పైకి తేవాలి, పనికిరాడనుకున్నవాణ్ణి వదిలెయ్యాలి. ప్రతి ఆటగాడికీ బ్యాటింగుకి ఇంత, పరుగుకి ఇంత, విసురుకి ఇంత అని సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా అంకెలుంటాయి. సీజన్ ముగియగానే ఎవరి అంకె ఎంత మారాలో తేల్చేదాన్ని ప్రోగ్రెషన్ అంటారు. ఆ ప్రోగ్రామ్ నాకిచ్చారు.

చెప్పడానికి సిగ్గెందుకు, ఆఫీసుకి పరిగెత్తుకుంటూ వెళ్లాలనిపించిన మొదటి ఉద్యోగం అది. చుట్టూ బొమ్మలు, గోడలనిండా పోస్టర్లు, మధ్యాహ్నం పూట కారిడార్‌లో టెన్నిస్ బంతితో ఆట. మా ఆవిడ "ఈయనకి ఈ వయసులో స్కూల్లో సీటొచ్చింది" అని అందరికీ చెప్పేది.

అంత ఉత్సాహంలో ఉన్నవాడికి ఆటగాళ్లు ఎలా పెరుగుతారో ఎవరినైనా అడగాలని తోచలేదు. నా చేతులకి తెలిసింది రాశాను. ప్రతి ఆటగాడికీ ఏడాదికొకసారి ప్రతి అంకెలోనూ ఒకటి పెరిగేలా పెట్టాను. తగ్గడం అనే మాటే లేదు. క్రమశిక్షణ చర్య లేకుండా ఇచ్చిన ఇంక్రిమెంటు వెనక్కి తీసుకోవడం ఎక్కడైనా ఉందా? కింది లీగు నుంచి పైకి రావడం సీనియారిటీ ప్రకారం, పైన ఖాళీ పడితేనే. ఇక ఆట మానేసేది ఎప్పుడు అన్న ప్రశ్న వచ్చింది. నా వేలు తనంతట తనే యాభై ఎనిమిది అని కొట్టింది. నేను పనిచేసిన రోజుల్లో మా రాష్ట్రంలో సర్కారు ఉద్యోగి దిగిపోయే వయసు అదే మరి.

మూడు సీజన్లు నడిపి చూశాను. బ్రహ్మాండంగా ఉంది. మూడేళ్లలో ఎవడు మాత్రం ముసలివాడవుతాడు? అప్పటి మెషీన్ల మీద ఒక్కో సీజన్‌కి పావుగంట పట్టేది. అంతకుమించి నడిపే ఓపిక ఎవరికీ లేకపోయింది. అలా ఏడాదిన్నర గడిచింది.

అప్పుడొచ్చింది ఆ వరంగల్ అమ్మాయి. మా ఆఫీసుకి దగ్గర యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతూ, మా దగ్గర గేముని పరీక్షించే పనికి ఇంటర్న్‌గా చేరింది. బేస్‌బాల్ గురించి నాకెంత తెలుసో తనకీ అంతే. ఖోఖో మాత్రం జిల్లా స్థాయిలో ఆడిందట. మొదటిరోజు నన్ను అంకుల్ అంది. ఆఫీసులో అంకులేంటమ్మా అన్నాను. సార్ అంది. ఇక్కడ సార్లు ఉండరన్నాను. రెండు నిమిషాలు ఆలోచించి "అయితే అన్నా అంట" అని తేల్చేసింది. మా అబ్బాయికంటే నాలుగేళ్లే పెద్దది.

ఒక మధ్యాహ్నం తను ఇరవై సీజన్లకి మెషీన్ వదిలిపెట్టి క్లాసుకి పోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి ఫలితాలు ప్రింట్ తీసి, నా క్యూబికల్ గోడ మీదుగా తల పెట్టింది.

"అన్నా, జర ఇటు రాండ్రి. గీ తాత ఎవలు?"

వెళ్లి చూశాను. షార్ట్‌స్టాప్. వయసు యాభై ఏడు. పరుగు తొంభై తొమ్మిది, బ్యాటింగ్ తొంభై తొమ్మిది. లీగు మొత్తానికీ అతనే మేటి.

"ఇది... ఏదో ఒక్క కేసు అయ్యుంటుంది," అన్నాను.

"ఒక్క కేసు గాదన్నా. టీమ్ మొత్తం గిట్లనే ఉంది. ఇంకోటి సూడుండ్రి. గీ పోరడు పద్దెనిమిదేండ్లకు కింది లీగ్ల చేరిండు. మస్తు టాలెంట్ ఉంది. ఇప్పుడు ముప్పై ఎనిమిదేండ్లు. ఇంకా కింది లీగ్లనే ఉన్నడు! పైనోళ్లు రిటైరైతేనే గదా ఈనికి సీటు. మా నాయిన గిట్లనే పదహారేండ్లు ప్రమోషన్ కోసం సూసిండు."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. రిటైర్మెంట్ వయసు ఎంత పెట్టారని అడిగింది. చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసి, బల్ల మీద తల పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"మీరు గేమ్ రాయలే అన్నా! గవర్నమెంట్ ఆఫీస్ రాసిండ్రు!"

నాకూ నవ్వాగలేదు. కానీ నవ్వు అయిపోయాక బాసు దగ్గరికి వెళ్లి కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన కుర్చీలోంచి పడ్డ ఘట్టం అదే. లేచి, ప్యాంటుకి అంటిన గింజల పొట్టు దులుపుకుని, గొంతు తగ్గించాడు.

"వచ్చే శుక్రవారం డైరెక్టర్ వస్తోంది. మన మోడ్ వల్ల గేము ఆలస్యమవుతోందని ఆమెకి ముందునుంచీ అనుమానం. తనే కూర్చుని ఇరవై సీజన్లు ఆడుతుంది. నచ్చకపోతే మోడ్ తీసేసి మిగతా గేము విడుదల చేస్తుంది. ఆపైన మన ఆరుగురం తలో చోటికి పోతాం."

ఎనిమిది రోజులుంది. ఆరుగురి ఏడాదిన్నర పని నా యాభై ఎనిమిది కింద నలిగిపోయేలా ఉంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అదింకా బాధ.

పౌరుషంతో రెండు రోజుల్లో తిరగరాశాను. ముప్పై దాటినవాడి అంకెలన్నీ దబదబా పడిపోయేలా పెట్టాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఇప్పుడు జట్లనిండా పిల్లలే. ముప్పై రెండేళ్లవాణ్ణి ఉంచుకోవడానికి ఒక్క కారణం లేదు. ఎవరు ఆడినా ఒకటే ఎత్తు, ముదిరినవాణ్ణి వదిలెయ్, కుర్రవాణ్ణి తెచ్చుకో. నాలుగో సీజన్‌కల్లా ఆవలింతలు.

"మొన్న వృద్ధాశ్రమం. ఇవాళ నర్సరీ స్కూలు," అన్నాడు బాసు. "నువ్విక కీబోర్డు ముట్టుకోకు. రేపు బుధవారం మ్యాచ్‌కి పోదాం. నువ్వు అసలు బేస్‌బాల్ చూశావా?"

చూడలేదు. ఏడాదిన్నరగా బేస్‌బాల్ గేము రాస్తూ ఒక్క మ్యాచ్ చూడలేదు. ఆ మాట బయటికి చెప్పినప్పుడు ఆయన కళ్లలో కనిపించిన జాలి నాకిప్పటికీ గుర్తుంది.

మా ఊరికి ఉత్తరాన ఉన్న చిన్న మైదానం అది. కింది లీగు మ్యాచ్, మిట్టమధ్యాహ్నం ఆట. బాసు, నేను, ఆ అమ్మాయి వెళ్లాం. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బాని గేటు దగ్గర లోపలికి రానివ్వలేదు. వెనక్కి వెళ్లి కారు డిక్కీ తెరుచుకుని ముగ్గురం అక్కడే తినేశాం. బాసు ఎండుమిరపకాయని కూరగాయ అనుకుని నమిలాడు. తర్వాత, తొమ్మిది ఇన్నింగ్సుల్లో మొదటి రెండూ ఆయన చూసింది మ్యాచ్ కాదు, నిమ్మరసం అమ్మేవాడి దారి.

మా ముందు వరసల్లో బడిపిల్లలు కేకలు పెడుతున్నారు. మైదానంలో మన వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చునేవాడు ఒకడున్నాడు, క్యాచర్ అంటారు. ముప్పై ఎనిమిదేళ్లు. కూర్చున్నప్పుడల్లా మోకాళ్లు నొప్పిపెడుతున్నట్టు మొహం చిట్లిస్తున్నాడు. బ్యాటింగుకి రెండుసార్లొచ్చి రెండుసార్లూ గాలిలోనే ఊపి పోయాడు.

"ఇతన్ని ఇంకా ఎందుకుంచారు?" అన్నాను. నా తిరగరాసిన ప్రోగ్రామ్ అయితే ఎప్పుడో పంపేసేది.

"చూస్తూ ఉండు," అన్నాడు బాసు.

ఆరో ఇన్నింగ్స్‌లో బంతి విసిరే కుర్రాడికి మతిపోయింది. పంతొమ్మిదేళ్లవాడు. విసిరిన ప్రతి బంతీ ఎటో పోతోంది. వరసగా ముగ్గుర్ని, బంతి కొట్టే పనే లేకుండా, ఊరికే బేస్ మీదికి నడిపించేశాడు. మూడు బేస్‌లూ నిండిపోయాయి. వాడి పెదవులు వణకడం మాకు స్టాండ్‌లోకి కనిపిస్తోంది. అప్పుడా క్యాచర్ ముసుగు తీసి, లేచి, వాడి దగ్గరికి నడిచాడు. ఎంత నెమ్మదిగా అంటే అంపైర్ చేత్తో తొందరపెట్టాడు. గ్లవ్‌తో నోరు కప్పుకుని ఏదో చెప్పాడు. ఆ కుర్రాడు పకపకా నవ్వేశాడు. ఇతను మళ్లీ అంతే నెమ్మదిగా వెనక్కొచ్చి కూర్చున్నాడు.

తర్వాత ముగ్గురు బ్యాటర్లూ వరసగా అవుటయ్యారు. ఒక్క పరుగు రాలేదు.

"ఏం చెప్పాడు?" అన్నాను.

"ఎవరికి తెలుసు? అది వాడికీ వీడికీ తెలుసు."

"దీనికి మన టేబుల్లో ఏ అంకె ఉంది?"

"లేదు," అన్నాడు బాసు. "ఏ గేములోనూ ఉండదు."

నాకు మా పాత ఆఫీసులోని సూపరింటెండెంట్ గారు గుర్తొచ్చారు. కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదాయనకి. సీనియారిటీ జాబితాలో పైన కూర్చున్న పాత సామాను అని మేం కుర్రాళ్లం వెనకాల నవ్వుకునేవాళ్లం. చేరిన మొదటి ఏడాది నేనొక జిల్లా జాబితా మొత్తం పొరపాటున చెరిపేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన రెండు టీలు తెప్పించి, "పాత రిజిస్టర్లున్నాయి కదయ్యా, నేను చదువుతా, నువ్వు కొట్టు" అన్నారు. మూడు రోజులు నా పక్కన కూర్చుని చదివారు. సంగతి మూడోకంటికి తెలియనివ్వలేదు. ఆయన సర్వీసు రికార్డు రాసింది నేనే. అందులో చేరిన తేదీ, దిగిపోయిన తేదీ తప్ప ఆయన గురించి ఇంకేమీ లేదు. ఆ స్టాండ్‌లో, బడిపిల్లల కేకల మధ్య కూర్చుని నేను చాలా సిగ్గుపడ్డాను. ఆయన గుర్తొచ్చినందుకు సంతోషమూ వేసింది. ఇద్దరికీ ఈ కథ చెప్పాను.

ఆ అమ్మాయి నా మోచెయ్యి పట్టి ఊపింది. "అన్నా, గిది రాయొచ్చు గదా?"

అక్కడే హాట్‌డాగ్ చుట్టిన కాగితం వెనక లెక్క రాసుకున్నాం. ముప్పై దాటాక పరుగు, బ్యాటింగ్ నెమ్మదిగా తగ్గుతాయి. కానీ కొందరిలో కంటికి కనిపించని ఇంకొక అంకె పెరుగుతుంది. అది ఎక్కువున్నవాడు జట్టులో ఉంటే పక్కనున్న కుర్రాళ్లు త్వరగా ఎదుగుతారు. లేకపోతే ఎంత ప్రతిభ ఉన్నా ఎక్కడివాళ్లక్కడే ఆగిపోతారు.

"పేరేం పెడదం?" అంది. మెంటర్ అని పెట్టమన్నాను.

"ఊకోండ్రి అన్నా. పెద్దరికం అని పెడదం."

పెట్టాం. ఇంగ్లీషు అక్షరాల్లో రాశాం. బాసు దాన్ని "పెడారిక్" అనేవాడు, ఎవరో స్పెయిన్ ఆటగాడి పేరులా. ఆ అంకెని తెర మీద చూపించొద్దన్నది ఆయనే. "మనుషుల మొహం మీద రాసి ఉండదు కదా. ఆడేవాడు వెతుక్కోనీ," అన్నాడు. నాకు భయం వేసింది. డైరెక్టర్ వెతుక్కోకపోతే? అయినా ఒప్పుకున్నాను. ఒకసారి ఒంటరిగా నిర్ణయించి చూశాను కదా, చాలు.

శుక్రవారం ఆమె వచ్చింది. పొట్టి మనిషి, తెల్లజుట్టు, మాట తక్కువ. కాఫీ పక్కన పెట్టుకుని ఆడటం మొదలుపెట్టింది. మధ్య సీజన్లని గబగబా దాటించే కొత్త వేగం మా వాళ్లెవరో అప్పటికి పెట్టారు. మేం ఆరుగురం, ఇంటర్న్‌తో ఏడుగురం, గోడకి ఆనుకుని నిలబడ్డాం. మొదటి పది సీజన్లూ బాగా నడిచాయి. పదకొండో సీజన్ ముగిశాక జట్టు జాబితా తెరిచింది. ముప్పై తొమ్మిదేళ్ల క్యాచర్ దగ్గర ఆగింది. బ్యాటింగ్ ముప్పై ఒకటి.

వదిలేసింది.

వరంగల్ అమ్మాయి గోళ్లు నా ముంజేతిలో దిగాయి. నోరు తెరవొద్దని బాసు కళ్లతోనే చెప్పాడు. పన్నెండో సీజన్, పదమూడు, పద్నాలుగు. ఆమె ముచ్చటపడి ఏరుకున్న కుర్రాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పైనుంచి రెండో స్థానంలో ఉన్న జట్టు అట్టడుక్కి పోయింది. ఆమె చేతిలోని కంట్రోలర్ బల్ల మీద పెట్టింది.

"ఇక్కడేదో తప్పుంది. ఈ పిల్లలు ఎదగడం ఎందుకు మానేశారు?"

చెప్పాల్సినవాణ్ణి నేనే. కానీ ఆ అమ్మాయే అంది, ఇంగ్లీషులో, "మీరు ఆయన్ని పంపేశారు."

"ఎవర్ని?"

"క్యాచర్‌ని."

డైరెక్టర్ కంట్రోలర్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. తర్వాత పదకొండో సీజన్ చివర దాచుకున్న ఆటని మళ్లీ తెరిచింది. ఈసారి క్యాచర్ని ముట్టుకోలేదు. మిగతావన్నీ మొదటిసారి చేసినట్టే చేసింది. పన్నెండు, పదమూడు. కుర్రాళ్లు లేచారు. పద్నాలుగో సీజన్‌లో కప్పు గెలిచింది. అప్పటికి ఆ క్యాచర్ బ్యాటింగ్ ఇరవై నాలుగు.

జాబితా మళ్లీ తెరిచి ఆయన పేరు మీద ఆగింది. బాసు బుగ్గలో గింజ చిట్లిన చప్పుడు గది మొత్తానికీ వినిపించింది.

"ఈయన్ని ఉంచుకుంటాను," అంది. లేచి, కాఫీ కప్పు తీసుకుని, తలుపు దగ్గర వెనక్కి తిరిగింది. "మోడ్‌ని కూడా."

తలుపు మూసుకునేదాకా ఆగాం. ఆ తర్వాత ఆ గదిలో జరిగిన గంతుల్లో బాసు పేపర్ కప్పు ఎవరో తన్నేశారు. పొట్టంతా కార్పెట్ మీద పడింది. దాన్ని ఏరుతూ కూడా నవ్వుతూనే ఉన్నాం.

ఆ అమ్మాయి చదువు పూర్తిచేసి మా దగ్గరే ఉద్యోగంలో చేరింది. ఐదారేళ్లకి బాసు పక్కకి తప్పుకుంటే ఆ కుర్చీ తనకి వచ్చింది. అంటే నాకు బాసయింది. నా పాత లీగులో అయితే ఇది జరిగేదే కాదు, సీనియారిటీ ఒప్పుకోదు. నాకప్పటికి కొత్త భాషలు త్వరగా ఎక్కడం లేదు. కుర్రాళ్లు గంటలో చేసేది నాకు పూట పడుతోంది. ఒకరోజు ఉండబట్టలేక తన గదికి వెళ్లి అడిగేశాను.

"నా అంకెలు పడిపోతున్నాయమ్మా. నాకు తెలుస్తూనే ఉంది. నన్నెందుకు ఉంచుకున్నావు?"

"పడిపోయినయ్ అన్నా. అబద్ధమెందుకు," అంది నవ్వుతూ. "కొత్తగ చేరినోళ్లందరినీ ఎవరి పక్కన కూసోబెడుతున్ననో సూసిండ్రా?"

చూడలేదు. రెండేళ్లుగా నా పక్క సీట్లోకి ఒకరి తర్వాత ఒకరు కొత్తవాళ్లే వస్తున్నారు. ఆ సీటు కిటికీ పక్కన ఉంది కాబట్టి అనుకున్నాను. ప్రోగ్రామ్ రాసినవాణ్ణి నేను, అయినా పట్టుకోలేకపోయాను. ఆ సాయంత్రం కారులో పాట పాడుకుంటూ ఇంటికొచ్చాను. మా ఆవిడ ఏమైందని కంగారుపడింది.

2015లో రిటైరయ్యాను. అమెరికాలో ఇంకా పనిచేయొచ్చు, ఎవరూ పొమ్మనలేదు. కానీ నాకు యాభై ఎనిమిది నిండాయి. నా వేలు అక్కడ ఆగిపోయింది, అంతే. వీడ్కోలు రోజున ఆ అమ్మాయి ఫ్రేము కట్టించిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది. ఆ షార్ట్‌స్టాప్ బయటపడ్డ రోజున తీసిన ప్రింటే. ఇన్నేళ్లూ దాచింది. దాని కింద కొత్తగా ఒక వరస అతికించి ఉంది. నా పాత ప్రోగ్రామ్‌ని వెతికి తీసి, మా షార్ట్‌స్టాప్ తాతగారి కోసం ఇంకొక్క సీజన్ నడిపించిందట.

ఆ ఫ్రేము ఇప్పుడు మా హాల్లో ఉంది. వచ్చినప్పుడు చూడండి. చివరి వరసలో వయసు యాభై ఎనిమిది అని, రిటైర్డ్ అని ఉంటుంది. తొంభై తొమ్మిది దాటకూడదని నేను ప్రోగ్రామ్‌లో ఎక్కడా రాయలేదు. అందుకని వెళ్లిపోతున్న ఏడాది కూడా ఆయనకి ఇంక్రిమెంటు వచ్చింది. పరుగు వంద.